రాజనర్సు ఆడుతున్న ఆట

ఆ శుక్రవారానికి నర్సింలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే వారం బట్టలు ఉతుక్కోవాలి. కింద సందులో క్షవరం చేయించుకోవాలి. ఊళ్ళో ఉన్న భార్య కళకు వీడియో కాల్ చేసి, ఈసారి నిజంగానే ఇంటికి వచ్చేస్తున్నానని నాలుగోసారి చెప్పాలి. ఆ తర్వాత, గదిలో ఉండే వంటాయన సత్యప్రసాద్ కూరగాయలకు వెళ్ళిన గంటలో, చనిపోయిన రాజనర్సు టాబ్ తీసి గుట్టుగా ఓ ఇరవై టర్నులు ఆడుకోవాలి. ఎవరికీ ఏ ఇబ్బందీ కలిగించని ప్లాను. వీడియో కాల్ దాకా అది సజావుగానే సాగింది.

టాబ్ మంచం పైన గూట్లో, రాజనర్సు తువ్వాలులోనే చుట్టి ఉంది. నర్సింలు గోడకు ఆనుకుని కూర్చుని, రాజ్యం కట్టే ఆ ఆట తెరిచాడు. బుధవారం సాయంత్రం తాను ఆపినప్పుడు అది అరవై ఒకటో టర్ను. గురువారం ఓవర్‌టైం వల్ల ముట్టుకోనేలేదు. ఇప్పుడు తెర మీద డెబ్బై నాలుగు అని ఉంది. తన రాజధాని చుట్టూ రాతి గోడ లేచింది. ఛార్జింగ్ నిండుగా ఉంది.

నర్సింలు ఎనిమిదేళ్ళుగా బహ్రెయిన్‌లో బిల్డింగ్ పని చేస్తున్నాడు. ఎవరూ కట్టకుండా గోడ లేవదన్న సంగతి అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అతని మెడ వెనక, కొత్తగా క్షవరం చేసిన చోట, చల్లగా తగిలింది. ఏసీ గాలేనని సర్దిచెప్పుకున్నాడు. ఏసీ కట్టేసి ఉంది.

ఆ గది నయీమ్ అనే పేటలో, ఒక టైలర్ షాపు మీద రెండో అంతస్తులో ఉంది. గదిలో రెండే మంచాలు. ఒకటి సత్యప్రసాద్‌ది. ఆయన రాజోలు వైపు మనిషి, వచ్చి పందొమ్మిదేళ్ళయింది, ఆ బిల్డింగులో పదిమందికి మెస్ నడుపుతాడు. రెండో మంచానికి ఇద్దరు యజమానులు. రాత్రి నర్సింలుది, పగలు పరశురాంది. నర్సింలు తెల్లవారుజామునే సైటు బస్సెక్కితే, పరశురాం హూరా అనే పేటలో ఒక హోటల్‌లో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి అదే పరుపు మీద వాలతాడు. సాయంత్రం నాలుగింటికి అతను వెళ్ళిపోతే, ఐదున్నరకు నర్సింలు వస్తాడు. శుక్రవారం నర్సింలుకు సెలవు గనక ఆ ఒక్కరోజు పరశురాం హూరాలోనే ఎక్కడో సర్దుకుంటాడు. ఐదు నెలల్లో ఇద్దరూ ఎదురుపడింది రెండుసార్లు, అదీ మెట్ల మీద. అయినా దిండుకు అంటిన తలనూనె వాసనను బట్టి ఒకరి క్షేమం ఒకరికి తెలుస్తూనే ఉండేది.

పరశురాం కంటే ముందు ఆ పగటి మంచం రాజనర్సుది. చలికాలంలో సెలవు మీద ఇంటికి వెళ్ళి, అక్కడ జ్వరం వచ్చి, వారంలో పోయాడు. మంచివాడు. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా వాళ్ళ బట్టలు కూడా ఉతికి ఆరేసేవాడు. ఆ కబురు వచ్చిన రోజు గదిలో పొయ్యి వెలగలేదు. అతని సామాన్లలో ఇక్కడ మిగిలింది ఒక టాబ్, ఒక తువ్వాలు, పొడుగు నోటుబుక్కు ఒకటి. సత్యప్రసాద్ వాటిని గూట్లో పెట్టి అందరికీ చెప్పాడు.

"పోయినోడి సామాన్లు ముట్టుకోకూడదు. మనలో ముందు ఎవరు ఇంటికెళ్తే ఆళ్ళు పట్టుకెళ్ళి రాజనర్సు వాళ్ళావిడ చేతిలో పెట్టాలి. అందాకా దాని మీద ఎవడి చెయ్యన్నా పడిందో, ఆడికి నా చేతి ముద్ద ఉండదు."

నర్సింలు నెల తిరక్కుండానే చెయ్యి వేశాడు. సెలవు రోజుల్లో రాజనర్సు ఆడుతుంటే భుజం మీదుగా చూసిన ఆట అది, మనసులోంచి పోలేదు. ఆటలో మొదట చేతికి ఇచ్చేది మూటాముల్లె ఎత్తుకున్న ఒక చిన్న గుంపు, ఒక సిపాయి. చుట్టూ అంతా నలుపు. ఎటు అడుగేస్తే అటు కాస్త నేల కనబడుతుంది. చేయగలిగింది చేసి మూలన ఉన్న బొత్తాం నొక్కితే ఒక టర్ను అయినట్టు, కొన్నేళ్ళు గడిచినట్టు. అలా ఊరు కట్టి, ఊళ్ళు పెంచి, చదువులూ చేలూ గుళ్ళూ ఏర్పరచి రాజ్యం చేసుకుంటూ పోవాలి. మొదటిసారి తెరిచినప్పుడు నర్సింలుకు తాను విమానం దిగిన రోజే గుర్తొచ్చింది. చేతిలో మూట, ముందు ఒక మనిషి, చుట్టూ ఏమీ తెలియని చీకటి. ఇంత బొత్తాం నొక్కగానే ఇరవై ఏళ్ళు గడిచిపోవడం కూడా అతనికి కొత్తగా అనిపించలేదు.

నోటుబుక్కులో "కొత్తగా ఆడేవారికి" అని పైన రాసి, రాజనర్సు పెన్సిల్‌తో కొన్ని జాగ్రత్తలు రాసిపెట్టాడు. నీళ్ళ పక్కనే ఊరు కట్టాలి, మంచి చోటు కోసం రెండు టర్నులకు మించి తిరగొద్దు. ముందు తిండి, తర్వాతే పెద్ద కట్టడాలు. సిపాయి లేకుండా ఊరిని వదలొద్దు. పక్క రాజుతో స్నేహం చేయాలి, చేస్తూనే సైన్యం లెక్క చూసుకోవాలి. అన్నిటికంటే కింద, రెండు గీతలు కొట్టి: "ఇంకొక్క టర్ను అనుకోవద్దు. అన్నం చల్లారిపోతుంది."

టర్నులు ముందుకు జరిగితే పరశురాంను అనుమానించాలి కదా అని ఎవరైనా అడగవచ్చు. దానికి బలమైన అడ్డు ఉంది. పరశురాం ఊళ్ళో ఉన్నప్పుడు ఫోన్లో రమ్మీ ఆడి ఇల్లు గుల్ల చేసుకున్నాడు. భార్య కనకవ్వ అతన్ని కొండగట్టు తీసుకెళ్ళి, ఇక జన్మలో ఫోన్లో ఏ ఆటా ముట్టనని అంజన్న ముందు ఒట్టు వేయించింది. గదిలో చేరిన రోజే ఆ కథంతా సత్యప్రసాద్‌కు చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. పక్కవాళ్ళు లూడో ఆడుతున్నా గోడ వైపు తిరిగి కూర్చునే మనిషి. సత్యప్రసాద్‌ను అనుమానించడం అసలు మర్యాదే కాదు. ఇక మిగిలింది ఎవరు?

శనివారం నర్సింలు సైటులో ఇటుకలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టాడు. సాయంత్రం రాగానే, సత్యప్రసాద్ మేడ మీద బట్టలు తీసుకురావడానికి వెళ్ళిన సందులో టాబ్ తెరిచాడు. ముందురోజు అతను ఒక గుర్రపువాణ్ణి పడమటి చీకట్లోకి, చాలా దూరం పంపి వదిలాడు. ఆ గుర్రపువాడు ఇప్పుడు రాజధాని గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. మళ్ళీ పంపాడు. ఆదివారం చూస్తే మళ్ళీ గుమ్మం ముందే ఉన్నాడు. తెరలోంచి తిన్నగా తనవైపే చూస్తున్నట్టు అనిపించింది.

నోటుబుక్కులో నర్సింలు కూడా ఆ మధ్య ఒక జాగ్రత్త చేర్చాడు: "గుర్రపువాణ్ణి దూరం పంపాలి. చీకటి తెలుస్తుంది." ఇప్పుడు దాని కింద, అదే పెన్సిల్‌తో, ఇంకో వరుస ఉంది.

"పంపొద్దు. పాపం."

పెన్సిల్ పట్టుకుంటే అందరూ బడి తెలుగే రాస్తారు, యాస చూసి మనిషిని పట్టుకునే వీలు కూడా లేదు. నర్సింలు గుండె చిక్కబట్టుకుని కింద రాశాడు: "నువ్వు ఎవరు?" పుస్తకం మూసి, దాని మీద రాజనర్సు తువ్వాలు కప్పి, తువ్వాలుకు దండం పెట్టి పడుకున్నాడు. దిండుకు పరశురాం నూనె వాసన వస్తుంటే, ఈ గదిలో బతికున్న మనిషి ఆనవాలు ఇదొక్కటే కదా అని దాన్నే గట్టిగా పట్టుకుని నిద్రపోయాడు.

సోమవారం సాయంత్రానికి జవాబు వచ్చింది. రెండు వరుసలు.

"నువ్వు ఎవరు?"

"ఎవరైనా సరే, దండం."

నర్సింలు పుస్తకం మూసి వంటగది గుమ్మం దాకా ఎలా వచ్చాడో అతనికే తెలియదు. సత్యప్రసాద్ మాడిన అన్నాన్ని గిన్నె అడుగునుంచి గీకుతున్నాడు. ఈ మధ్య అన్నం రోజూ అడుగంటుతోంది.

"అన్నా," అన్నాడు నర్సింలు, టాబ్ సంగతి రాకుండా జాగ్రత్తపడుతూ. "ఈ గదిల ఏదో ఉన్నట్టు కొడ్తలేదా నీకు?"

సత్యప్రసాద్ చేతిలో గరిటె కిందపడింది. "నీక్కూడానా?" అన్నాడు. అని, వెంటనే గొంతు సవరించుకున్నాడు. "అంటే... ఏం ఉంటదిరా? ఏం చూశావు నువ్వు?"

"సూసుడు కాదన్నా. రాజనర్సన్న ఈడనే ఉన్నట్టు అనిపిస్తుంది. మనం వాని కోసం ఏం చెయ్యలే గదా ఈడ. ఓ దీపం పెట్టలే, ఓ కొబ్బరికాయ కొట్టలే."

"అదేరా నేనూ అనుకుంటున్నాను," అని సత్యప్రసాద్ అప్పటికప్పుడు గిన్నె పక్కన పెట్టి స్టూలెక్కి కర్పూరం డబ్బా దించాడు. కిటికీ ఏసీకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. పళ్ళెంలో కర్పూరం ఒక బిళ్ళ పెట్టి, ఆలోచించి ఇంకోటి పెట్టి, రాజనర్సు నెమ్మదైన మనిషే అయినా ఇప్పుడెలా ఉన్నాడో తెలియదు గనక డబ్బా మొత్తం ఒంపేశాడు.

మంట నడుము ఎత్తు లేచింది. పొగ గదిని నింపి, మెట్ల మీదుగా కిందికి దిగి, టైలర్ షాపులోకి పోయింది. మెట్ల దగ్గర అలారం మోగింది. బిల్డింగులో ఉన్న నలభైమందీ లుంగీలతో, టవళ్ళతో, ఒకతను మొహం నిండా సబ్బుతో సందులోకి వచ్చిపడ్డారు. వాచ్‌మన్ ఇసుక బకెట్‌తో పైకి పరుగెత్తుకొచ్చి పళ్ళెం మీద కుమ్మరించి సత్యప్రసాద్ చొక్కా పట్టుకున్నాడు. గదిలో నిప్పు పెట్టినందుకు ఓనరుకు చెప్పి ఇప్పుడే గది ఖాళీ చేయిస్తానన్నాడు.

పందొమ్మిదేళ్ళ మెస్ ఒక్క నిమిషంలో పోయేలా ఉంది. సత్యప్రసాద్ నోటికి ఒకే ఒక్క మాట వచ్చింది. "భాయ్, ఇస్ కమ్రే మే మరా హువా ఆద్మీ హై," అని గదిలో చచ్చినోడున్న సంగతి వచ్చిన హిందీలో చెప్పి, కింద సందులో చూస్తున్న వాళ్ళకు వినబడేలా తెలుగులో కూడా అరిచాడు. "మా రాజనర్సు వచ్చాడండీ! నాలుగు రోజులబట్టీ ఇక్కడే తిరుగుతున్నాడు!" వాచ్‌మన్ చొక్కా వదిలేశాడు. బకెట్ అక్కడే వదిలేశాడు. ఆ వారమంతా రెండో అంతస్తుకు రాలేదు.

ఆ కబురు ఆ సాయంత్రమే కూరగాయల కొట్టుకూ, సెలూన్‌కూ చేరి, అక్కడి నుంచి ఒక టాక్సీలో హూరా వెళ్ళింది. హోటల్ వెనక గేటు దగ్గర టీ తాగుతున్న పరశురాం దాన్ని నిలబడి విన్నాడు. విన్నాక కూర్చున్నాడు.

అలారం ఆగాక నర్సింలు ఒక నిర్ణయానికి వచ్చాడు. భయపడి లాభం లేదు, రాజనర్సు తనకు చెడు చేసే మనిషి కాదు. అడగవలసిన మాట ఒకటి ఉంది, అడిగేస్తే పోతుంది. ఆ మాట ఆరేళ్ళుగా అతన్ని తొలుస్తున్నదే. గురువారం సాయంత్రం నాలుగింటిలోగా ఇంకో రెండేళ్ళు ఉంటాడో, ఇంటికి పోతాడో కాగితం మీద రాసి టైంకీపర్‌కు ఇవ్వాలి. మూడుసార్లు కళకు వస్తానని మాట ఇచ్చి, మూడుసార్లూ ఆఖరి రోజున ఉంటానని సంతకం పెట్టాడు. పోవాలని ఉంది. పోతే అక్కడ ఏం చేయాలోనని భయంగా ఉంది. పోయినవాళ్ళు సగంమంది మళ్ళీ వచ్చారు. పో అని గట్టిగా చెప్పే మనిషి ఒక్కడుంటే చాలనిపించేది. కళ చెబుతూనే ఉంది గాని, భార్య ఎలాగూ రమ్మనే అంటుంది కదా అని అతని ధోరణి.

సోమవారం రాత్రి పడుకునే ముందు నోటుబుక్కులో రాశాడు: "నేను ఇంటికి పోవాలా?"

మంగళవారం సాయంత్రం వచ్చేసరికి మంచం మీద పరశురాం దుప్పటి లేదు, సంచి లేదు. "పొద్దున్నే వచ్చాడు, ఐదు నిమిషాలు కూడా లేడు," అన్నాడు సత్యప్రసాద్. "మొహం తెల్లగా పాలిపోయింది. నాకు మంచం వద్దు, ఏం వద్దు, హూరాలోనే పడుకుంటానని వెళ్ళిపోయాడు. ఎంత చెప్పినా వినలేదు." నర్సింలు గూట్లోంచి నోటుబుక్కు తీశాడు. తన ప్రశ్న కింద, ప్రతి అక్షరం నెమ్మదిగా, ముద్దుగా దిద్ది రాసి ఉంది:

"పో. మళ్ళీ రాకు. అంతా మంచే జరుగుతుంది."

నర్సింలు ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చున్నాడు. భయం వేసింది, దానికంటే ఎక్కువగా ఏడుపు వచ్చింది. బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ సైటు ఆఫీసులో కాగితం ఇచ్చాడు. ఇంటికి పోతాను, రెన్యూ వద్దు. టైంకీపర్ రెండుసార్లు చదివి, "పక్కా?" అని అడిగాడు. "గురువారం నాలుగు దాకా నా బల్ల మీదే ఉంటది. తర్వాత హెడ్డాఫీసుకు పోతది, అప్పుడు ఖలాస్." నర్సింలు కాగితం ఫోటో తీసి కళకు పంపాడు. కళ నుంచి జవాబు రాలేదు. నమ్మలేదన్నమాట.

గురువారం నుంచి ఎండాకాలపు రూలు మొదలైంది. మధ్యాహ్నం పన్నెండు తర్వాత ఎండలో పని బంద్. పన్నెండున్నరకు, ఎన్నడూ రాని వేళలో, నర్సింలు గది తలుపు తీశాడు. సత్యప్రసాద్ లేడు. కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. ఏసీ బుసకొడుతోంది. గూట్లో రాజనర్సు తువ్వాలు విప్పి ఉంది. మంచం మీద, తల నుంచి కాళ్ళ దాకా తెల్ల దుప్పటి కప్పుకుని, ఒక ఆకారం వెల్లకిలా పడుకుని ఉంది. గుండెల మీద, దుప్పటి లోపలి నుంచి, నీలంగా వెలుగు వస్తోంది. ఆ దుప్పటిలోంచి మెల్లగా, అలసిపోయినట్టుగా ఒక గొంతు వినబడింది.

"ఇంకొక్కటే... ఇంకొక్కటే..."

నర్సింలు పెట్టిన కేకకు కింద టైలర్ మిషన్లు ఆగిపోయాయి. మంచం మీది ఆకారం దుప్పటితోనే లేచి కూర్చుని, అంతకంటే పెద్ద కేక పెట్టింది. లేచి పరుగెత్తింది. దుప్పటిలోంచి దారి కనబడక గోడకు గుద్దుకుని, తిరిగి తలుపు వైపు వచ్చి, అప్పుడే పెరుగు గిన్నెతో లోపలికి వస్తున్న సత్యప్రసాద్‌ను కౌగిలించుకుంది. ఇద్దరూ పడ్డారు. పెరుగంతా దుప్పటి పాలైంది. "రాజనర్సూ, నన్నొదిలెయ్‌రా, నీకు నేను రోజూ ముద్ద పెట్టినోణ్ణి!" అని సత్యప్రసాద్ కింద నుంచి బతిమాలుతున్నాడు. దుప్పటి తొలగింది. లోపల పరశురాం ఉన్నాడు, టాబ్‌ను రెండు చేతులతో గుండెకు హత్తుకుని.



"నువ్వా?" అన్నాడు నర్సింలు.

"నువ్వా నర్సన్నా?" అన్నాడు పరశురాం. ఇంత దగ్గరగా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదటిసారి. "హూరాల పండుకున్నా గాని నిద్ర పట్టలే. ఇంకా పదైదు టర్నులైతే గుడి లేస్తది. అది ఒక్కటి సూసి పోదామని వచ్చిన. కనకవ్వకు చెప్పకుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

"అయితే గోడ కట్టింది?"

"నేనే. ఉత్తరం దిక్కు దొంగలు తిరుగుతుండ్రు. నువ్వు సిపాయిలను ఇడిసిపెట్టి చేన్లు దున్నుకుంట కూసుంటివి, ఊరు ఆగం గాదా?"

"నేను తిండి సూడకుంటే నీ సిపాయిలు ఏం తింటుండ్రి?" అన్నాడు నర్సింలు. కోపం వచ్చింది, కోపం కింద ఓ పక్క సంతోషం కూడా వేసింది. మరుక్షణం ఆ సంతోషం జారిపోయింది. రాజనర్సు లేడు. గదిలో ఎవరూ లేరు. పో అని చెప్పింది చచ్చిపోయిన మంచివాడు కాదు, రమ్మీలో ఇల్లు పోగొట్టుకున్న ఈ పరశురాం. ఆ మాట మీద తాను కాగితం ఇచ్చాడు. గోడగడియారం ఒంటిగంట చూపిస్తోంది. నాలుగు దాకా టైమ్ ఉంది. నర్సింలు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికిరా?" అన్నాడు సత్యప్రసాద్ పెరుగు తుడుచుకుంటూ.

"ఆఫీసుకు. కాయితం ఎనుకకు తీసుకుంట. నన్ను పొమ్మన్నది ఈడు అన్నా! నేను రాజనర్సన్న అనుకున్న. ఈని మాట మీద ఎట్ల పోత?"

పరశురాం నిలబడిపోయాడు. "నేనెప్పుడు పొమ్మన్న?"

"పుస్తకంల రాయలే? నేను ఇంటికి పోవాల్నా అని అడిగితే?"

"అది సూసిన. మంగళారం పొద్దుగాల సూసిన. రాజనర్సన్న ఆత్మ నన్ను ఇంటికి పోనియ్యమని అడుగుతున్నదని, పుస్తకం ఆడనే పారేసి సంచి పట్టుకుని ఉరికిన. నేనేం రాయలే నర్సన్నా. అంజన్న మీద ఒట్టు." తన ఒట్ల విలువ అప్పుడే గుర్తొచ్చి, "కనకవ్వ మీద ఒట్టు," అన్నాడు.

ఇద్దరూ మంచం మీద కూర్చుని నోటుబుక్కు తెరిచి వరుస వరుసకూ వేలు పెట్టి తేల్చుకున్నారు. "నువ్వు ఎవరు?" మొదటిది నర్సింలుది, రెండోది పరశురాంది. "పంపొద్దు. పాపం." ఇద్దరిదీ కాదు. "ఎవరైనా సరే, దండం." ఇద్దరిదీ కాదు. గుర్రపువాణ్ణి వెనక్కి తెచ్చింది ఇద్దరిలో ఎవరూ కాదు. "పో. మళ్ళీ రాకు." దగ్గరకు వచ్చేసరికి ఇద్దరి వేళ్ళూ ఆగిపోయాయి. మధ్యాహ్నపు గదిలో ఒక్కసారిగా చలి పుట్టింది. నర్సింలు చేతిలో చెప్పు జారి కిందపడింది.

"అయితే... నిజంగనే?" అన్నాడు పరశురాం గొంతు తగ్గించి. ఇద్దరూ గూటి వైపు చూశారు. ఎవరూ సత్యప్రసాద్ వైపు చూడలేదు.

చూసి ఉంటే తెలిసిపోయేది. సత్యప్రసాద్ గుమ్మానికి ఆనుకుని, ఒంటి నిండా పెరుగుతో, కదలకుండా నిలబడి ఉన్నాడు. ప్రతి సాయంత్రం నాలుగింటికి పరశురాం వెళ్ళాక, ఐదున్నరకు నర్సింలు వచ్చేలోగా, పొయ్యి మీద అన్నం పెట్టి ఆ టాబ్ తీసేది ఆయనే. కట్టడాలూ యుద్ధాలూ ఆయనకు పట్టవు. ఆ చీకట్లో ఒంటరిగా తిరుగుతున్న గుర్రపువాణ్ణి చూడలేక, ఉన్న టర్నులన్నీ ఖర్చుపెట్టి వాణ్ణి ఇంటికి తీసుకొచ్చేవాడు. అది అయ్యేసరికి అన్నం మాడేది. మర్నాడు చూస్తే ఎవరో మళ్ళీ వాణ్ణి చీకట్లోకి తోలేసేవారు. ఇది రాజనర్సు పనేనని ఆయన నమ్మాడు. మంగళవారం సాయంత్రం "నేను ఇంటికి పోవాలా?" అని చదివి, పాపం ఇంకా ఇక్కడే చిక్కుకుపోయాడని కళ్ళనీళ్ళు పెట్టుకుని, చేతులు కడుక్కుని వచ్చి ఆ జవాబు రాశాడు. పందొమ్మిదేళ్ళలో తనకు ఎవరైనా చెప్తారేమోనని ఎదురుచూసిన మాట అది. తనకు ఎవరూ చెప్పలేదు గనక అంత ముద్దుగా రాయగలిగాడు.

ఇప్పుడు నిజం చెప్పడమే ధర్మం. చెబితే నర్సింలు ఆఫీసుకు పరుగెత్తుతాడు, కాగితం చించేస్తాడు, ఇంకో రెండేళ్ళు ఈ మంచం మీదే పడుకుంటాడు. చెప్పకపోతే అబద్ధం. పైగా, ముట్టుకుంటే ముద్ద పెట్టనని అందరినీ బెదిరించింది తానే. సత్యప్రసాద్ నోరు తెరిచాడు. "ఒరేయ్ నర్సింలూ, అది..."

ఫోన్ మోగింది. కళ. నర్సింలు స్పీకర్ నొక్కాడు.

"ఆ కాయితం నిజమేనా?" అంది కళ. హలో కూడా అనలేదు. "నిన్నటి సంది సూస్తున్న. పెద్దజేసి సూసిన. మల్ల ఆఖర్ల మారుస్తవా?"

నర్సింలు గూటి వైపు చూశాడు. "కళా, నాకు రాజనర్సన్న చెప్పిండు. పొమ్మన్నడు. మళ్ళ రావద్దన్నడు. నవ్వకు. పుస్తకంల రాసిండు."

నవ్వుతుందని ముగ్గురూ అనుకున్నారు. కళ ఏడుస్తోంది.

"ఎవలు చెప్తేంది," అంది చివరికి. "ఆరేండ్ల సంది బతికున్న నేను మొత్తుకుంటున్న, ఇన్నవా? సచ్చినాయన చెప్తె ఇన్నవ్. గట్లనన్న ఇన్నవ్, సాలు. ఆయన ఏడున్నా ఆయన కాళ్లకు నేను మొక్కుత. నువ్వు రా."

సత్యప్రసాద్ తెరిచిన నోరు మూసుకున్నాడు. ఎవరూ చూడకుండా పెరుగు చేతులతోనే కళ్ళు తుడుచుకుని, గొంతు పెంచాడు. "ఇంకా చూస్తావేంట్రా? పోయినోడి మాట తోసేస్తే అరిష్టం. ఆడు అంత నచ్చజెప్పి రాశాక నువ్వు వెనక్కి తగ్గితే, రాత్రికి నీ పక్కనే వచ్చి పడుకుంటాడు!" నర్సింలు చెప్పులు వదిలేసి మంచం మీద కూలబడ్డాడు. గోడగడియారంలో నాలుగు దాటేదాకా ముగ్గురూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

నర్సింలు ఎక్కడ మెత్తబడి హెడ్డాఫీసు చుట్టూ తిరుగుతాడోనని సత్యప్రసాద్ ఆ తర్వాత కూడా ఊరుకోలేదు. టికెట్ వచ్చేదాకా రోజుకొక సాక్ష్యం చెప్పాడు. గూట్లో చప్పుడైందన్నాడు, పొయ్యి దానంతటదే వెలిగిందన్నాడు. సెలూన్‌లో చెప్పాడు, కొట్లో చెప్పాడు, వాచ్‌మన్‌కు మరీ వివరంగా చెప్పాడు. మూడు వారాలకు నర్సింలు, రాజనర్సు టాబ్‌ను తువ్వాలులో చుట్టి పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టుకుని, జగిత్యాల వైపు వెళ్ళిపోయాడు. పరశురాం కూడా ఆ మంచం మీద ఇక చచ్చినా పడుకోనని హూరాలోనే ఉండిపోయాడు.

దయ్యం ఉందన్న పేరు పడ్డ ఆ ఖాళీ మంచానికి మనిషి దొరకడానికి సత్యప్రసాద్‌కు ఐదు నెలలు పట్టింది, అదీ తెలుగు బొత్తిగా రానివాడు.